ఆ తల్లి పాండాను కసాయి అనకండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పిల్లల పేజీలో పాండా పిల్ల ఫొటో వేశారు కదా, గ్లౌజు వేసుకున్న ఎవరిదో అరచేతిలో, ఒంటి మీద వెంట్రుకలు లేకుండా, గులాబీ రంగులో, కళ్ళు మూసుకొని ఉన్నది. ఫొటో చాలా బాగుంది, మా మనవరాలు పేపరు నా చేతిలోంచి లాక్కుపోయింది. నాకు ఒళ్ళు మండింది ఫొటో కింద మీవాళ్ళు రాసిన ఒక్క లైను చూసి. ‘కవలల్లో ఒకదాన్ని వదిలేసిన కసాయి తల్లి, అమ్మలా ఆదుకున్న జూ సిబ్బంది’ అట.

అది రాసింది అబ్బాయో అమ్మాయో గానీ, ఒక్క రాత్రి మా వార్డులో డ్యూటీ చేసి ఉంటే ఆ మాట రాసేవాళ్ళు కాదు. నేను తిరుపతిలో ఒక ఆస్పత్రి పసిపిల్లల వార్డులో 26 ఏళ్ళు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. కసాయి తల్లి అన్న మాట ఆ వార్డు తలుపు బయట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. పాలు పడని తల్లిని అంటారు, భయపడి బిడ్డను ముట్టుకోని తల్లిని అంటారు, సిజేరియన్ కుట్లతో మంచం దిగలేక పై అంతస్తులో పడుకుని ఏడుస్తున్న తల్లిని కూడా అంటారు. అనేది ఎక్కువగా ఆడవాళ్ళే, అది వేరే సంగతి.

చైనా పోలేదు, పాండాను కళ్ళతో చూడలేదు, నీకెట్లా తెలుసమ్మా అంటారేమో. మనవరాలి పుణ్యం. నాలుగో తరగతి చదువుతోంది, రాత్రి పాండా వీడియో పెట్టకపోతే అన్నం ముద్ద దిగదు. మొదట్లో విసుక్కున్నాను. చూస్తా చూస్తా ఉంటే ఇది మా వార్డే కదా అనిపించింది, ఆ తర్వాత నేనే వెతుక్కొని చదవడం మొదలుపెట్టాను.

ముందు సైజు చెప్తాను, మీ పాఠకులకు అది తెలిస్తే సగం అర్థమైనట్టే. తల్లి పాండా 90, 100 కిలోలుంటుంది. పుట్టిన పిల్ల 100 గ్రాములు, కాస్త అటూ ఇటూ. మన శ్రీవారి లడ్డూకన్నా తేలిక. మనలో 60 కిలోల తల్లికి 3 కిలోల బిడ్డ పుడితే ఇరవయ్యో వంతు, పాండాకు దాదాపు 900వ వంతు. నా సర్వీసులో 800 గ్రాముల బిడ్డను చేతిలోకి తీసుకున్నప్పుడే చేయి వణికేది. పాండాల్లో నెలలు నిండి పుట్టినా ఇంతే, కళ్ళు తెరవడానికే ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఒంట్లో వేడి తనంతట తాను నిలుపుకోలేదు. ఉచ్చ కూడా తనంతట తాను పోయలేదు, తల్లి నాకితేనే పోస్తుంది. పిల్లి పిల్లలను గమనించినవాళ్ళకు ఇది కొత్త కాదు. ఇంక్యుబేటర్లో, అంటే వెచ్చగా ఉంచే పెట్టెలో, పెట్టిన పాండా పిల్లకు జూవాళ్ళు తడి దూదితో పొట్ట కింద మెల్లగా అద్దుతూ ఆ పని చేయిస్తారు, ప్రతిసారీ, పాలు పట్టిన ప్రతిసారీ. ఇంతా చేసి దాని గొంతు మాత్రం పిల్ల సైజుకు సంబంధమే లేదు, వీడియోలో అది అరిస్తే మా పక్కింటివాళ్ళు ఏమైందని అడిగారు.

అలాంటి పిల్లను తల్లి ఏం చేస్తుందనుకుంటున్నారు? గోడకు ఆనుకొని కూర్చొని రొమ్ముకు అదుముకుంటుంది. కొన్ని రోజుల పాటు తిండి తినదు, నీళ్ళు కూడా తాగదు, అక్కడి నుంచి లేవదు. మామూలుగా రోజుకు 12 కిలోల నుంచి 38 కిలోల దాకా వెదురు నమిలే జంతువు అది, తిన్నదాంట్లో అయిదో వంతు కూడా సరిగ్గా ఒంటబట్టదు, అట్లాంటిది పస్తు కూర్చుంటుంది. మేము కంగారూ కేర్ అంటామే, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి కట్టడం, అది 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైంది. మా వార్డులో తల్లులను దానికి ఒప్పించడానికి మేము పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. పాండాకు ఎవరూ క్లాసు తీసుకోలేదు.

ఇక కవలలు. పాండాలకు దాదాపు సగం కాన్పుల్లో కవలలే పుడతాయి. అడవిలో తల్లి సాధారణంగా ఒకదాన్నే పెంచుతుంది, రెండోది పోతుంది. వినడానికి ఘోరంగానే ఉంటుంది. కానీ మా జేజి ఇంట్లో, పాకాల దగ్గర పల్లెలో, మేక మూడు పిల్లలు ఈనినప్పుడు నేను చూశాను. మేకకు ఉండేది రెండు చన్నులు. మూడోది మూతి పెట్టబోతే కాలితో తోసేది. జేజి మేకను తిట్టలేదు. గొంతుక్కూర్చొని మేక వెనక కాలు ఒక చేత్తో పట్టుకొని, రెండో చేత్తో ఆ బక్క పిల్ల మూతిని చన్ను దగ్గరికి తోసేది, రోజుకు నాలుగైదు సార్లు, పది రోజులు. సీసా పాలు పట్టొచ్చు కదా అంటే ‘దాని పాలు దానికి పడితేనే నిలబడతాది’ అనేది. ఇంత చిన్న మాట పెద్ద పెద్ద జూలవాళ్ళు నేర్చుకోవడానికి చాలా ఏళ్ళే పట్టింది.

జూలో మొదటిసారి పాండా పుట్టింది 1963లో, బీజింగ్‌లో. ఆ తర్వాత చాలా ఏళ్ళు పుట్టినవాటిలో చాలా వరకు దక్కలేదు. తల్లి తీసుకోని పిల్లను వేరుచేసి సీసాతో పెంచాలని చూశారు, తల్లి ముర్రుపాలు లేకుండా అవి నిలవలేదు. (పాండా ముర్రుపాలు కొంచెం ఆకుపచ్చగా ఉంటాయట, మొదటిసారి చదివినప్పుడు నేనూ నమ్మలేదు.) ఆ తర్వాత చైనాలో చెంగ్డు, వోలాంగ్ అనే చోట్ల ఉన్న పాండాల పెంపకం కేంద్రాల్లో ఒక కిటుకు పట్టుకున్నారు. తల్లి దగ్గర ఒక పిల్ల, ఇంక్యుబేటర్లో ఒక పిల్ల. తల్లికి తేనె కలిపిన నీళ్ళలాంటివి గిన్నెలో పెట్టి మూతి ముందు పట్టుకుంటారు, అది నాకుతూ చేయి కాస్త వదులు చేసినప్పుడు పిల్లను తీసేసి రెండోదాన్ని పెట్టేస్తారు. ఇట్లా రోజుకు ఎన్నోసార్లు. తల్లి లెక్కలో తన దగ్గర ఎప్పుడూ ఒక్కటే పిల్ల, నిజానికి రెండూ దాని పాలే తాగి, దాని ఒంటి వెచ్చదనంలోనే పెరుగుతాయి. 2013లో అమెరికాలో అట్లాంటా జూలో పుట్టిన కవలలు ఇట్లాగే బతికాయి, చెంగ్డు నుంచి మనుషులు వెళ్ళి దగ్గరుండి సాయం చేశారు.

కాబట్టి మీరు ఫొటో వేసిన ఆ పిల్ల కూడా, అది నిజంగా కవలల్లో ఒకటే అయితే, ఫొటో తీసిన కాసేపటికి వాళ్ళమ్మ ఒళ్ళోకి పోయే ఉండొచ్చు. వదిలేసిన తల్లి ఎక్కడుంది ఇందులో?

అన్నిసార్లూ కుదరదు. 2015 ఆగస్టులో వాషింగ్టన్ నేషనల్ జూలో మే షియాంగ్ అనే పాండాకు కవలలు పుట్టాయి. మార్చబోతే అది పెద్ద పిల్లను చేతిలోంచి వదలలేదు. చిన్నదాన్ని జూవాళ్ళు తమ దగ్గర పెట్టుకొని పాలు పట్టారు, నాలుగో రోజు అది చనిపోయింది. పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా. ఇది చదివి నేను ఫోన్ పక్కన పెట్టేశాను. పొలమారడం అంటే పెద్దవాళ్ళకు నాలుగు దగ్గులు, తక్కువ బరువు బిడ్డకు అది ప్రాణం మీదికి వస్తుంది. ఉగ్గుగిన్నెతో ఒక్కో చుక్క పోస్తూ, మింగిందా లేదా అని గొంతు వైపే చూస్తూ, నిద్ర తూగుతుంటే నాలుక కొరుక్కుంటూ గడిపిన రాత్రులు నాకు తెలుసు. అక్కడ పని చేసినవాళ్ళు ఎంత ఏడ్చి ఉంటారో, వాళ్ళదీ తప్పు లేదు, ఆ తల్లిదీ లేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. 2016లో వియన్నాలో యాంగ్ యాంగ్ అనే పాండా ఎవరి సాయం లేకుండా ఇద్దరు పిల్లల్నీ తనే పెంచింది. రెండో పిల్ల ఉందని జూవాళ్ళకే కొన్ని రోజుల దాకా తెలియలేదట, అది ఈనిన పెట్టెలో ఉన్న కెమెరాలో చూసుకొని అవాక్కయ్యారు. ఆ పాండా గొప్ప తల్లి, మే షియాంగ్ చెడ్డ తల్లి అంటామా? అట్లా అనేవాళ్ళను మా వార్డు బయట బెంచీ మీద రోజూ చూశాను.

ఆ బెంచీ సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. పలమనేరు వైపు నుంచి ఒకామె కవలలతో వచ్చింది, ఇద్దరూ ఆడపిల్లలే, ఒకటి 1,850 గ్రాములు, ఒకటి 1,100. పెద్దదాన్ని ఒళ్ళో పెట్టుకొని పాలిచ్చేది, వేడినిచ్చే వార్మర్ కింద ఉన్న చిన్నదాని వైపు చూసేదే కాదు. ‘ఆ బిడ్డ వైపు మొగం గూడా తిప్పదు, ఇదేం తల్లి సిస్టర్’ అని వాళ్ళత్త వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. మాలో కూడా ఇద్దరు ముగ్గురు అదే అనుకున్నారు, నేనూ అనుకున్నాను, దాచుకోవడం ఎందుకు. అయిదో రోజు రాత్రి రెండు గంటలప్పుడు చిన్నది ఊపిరి ఆపింది. అరికాలు మీద వేలితో రెండుసార్లు కొడితే మళ్ళీ అందుకుంది. తల తిప్పి చూస్తే ఆమె తలుపు అద్దం దగ్గర నిలబడి ఉంది, చెప్పులు కూడా లేవు. ‘దాన్ని ముట్టుకుంటే నా చేతిలోనే పోతాదేమోనని బయం సిస్టర్’ అంది. మర్నాడు డాక్టరు గారిని అడిగి కుర్చీలో కూర్చోబెట్టి, చిన్నదాన్ని గొట్టంతో సహా ఆమె రొమ్ము మీద పడుకోబెట్టి కొంగుతో కట్టాం. పెద్దదాన్ని అత్త చేతికిచ్చాం, దాంతో ఆ అత్త నోరు కూడా మూతపడింది. రెండు గంటలకొకసారి ఇద్దరినీ మార్చేవాళ్ళం. ఆ చిన్నది బతికింది. అన్నీ బతకవు, అదొక్కటి బతికింది కాబట్టి చెప్తున్నానని కూడా మీరు అనుకోవచ్చు.

జూ సిబ్బందిని తక్కువ చేస్తున్నానని అనుకోకండి, నేనూ ఆ జాతి మనిషినే. కానీ మీరు రాసినట్టు ‘అమ్మలా’ ఉండడం వాళ్ళ పని కాదు, అమ్మకు అందించడం వాళ్ళ పని. వోలాంగ్‌లో అడవికి పంపాలనుకున్న పిల్లల దగ్గరికి పోయేటప్పుడు సిబ్బంది నలుపు తెలుపు పాండా వేషం వేసుకొని, దానికి పాండా ఉచ్చ వాసన కూడా పట్టించుకొని పోతారు, పిల్లలకు మనిషి అలవాటు కాకూడదని. నవ్వొస్తుంది గానీ వాళ్ళు దెబ్బ తిని నేర్చుకున్నది అది. 2006లో మనుషుల చేతుల్లో పెరిగిన షియాంగ్ షియాంగ్ అనే మగ పాండాను అడవిలో వదిలితే ఏడాది తిరక్కుండానే చచ్చిపోయింది. ఆ తర్వాత తల్లి దగ్గరే పెంచిన తావో తావోను 2012లో వదిలారు, అది నిలదొక్కుకుంది.

అదే పేజీలో ఒక పాప ‘తిరుపతి జూకి కూడా పాండా తేవాలి’ అని రాసింది. పాప ముచ్చట కాదనను. కానీ ఏ దేశంలో ఉన్నా పాండాలు దాదాపు అన్నీ చైనా సొత్తే, అద్దెకిచ్చినట్టు ఇస్తారు, జంటకు ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా తీసుకుంటారు, పుట్టిన పిల్ల కూడా కొన్నేళ్ళకు వాళ్ళకే పోతుంది. అవి చల్లటి కొండల్లో బతికేవి, మన మే నెల ఎండకు నేనే తట్టుకోలేకపోతున్నాను. మన తిరుపతి ఎస్వీ జూలోనే 2023లో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురం నుంచి తెచ్చిన నాలుగు పులి పిల్లలను సాకారు, అక్కడ తల్లి పులితో కలపడానికి అటవీశాఖవాళ్ళు రోజుల తరబడి తిరిగి, కుదరకే ఇక్కడికి పంపారు. వాటికి పాలూ మాంసం పెట్టి సాకినవాళ్ళను ఒకసారి కలిసి రాయండి, పిల్లల పేజీకి నాలుగు వారాలకు సరిపోతుంది.

ఇక నా అర్జీ. వచ్చే ఆదివారం అదే చోట, అదే సైజులో, ఆ లైను తప్పని వేయండి. మా ఇంట్లో ఆ ఫొటో కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించింది మనవరాలు. కసాయి అంటే ఏంటి అవ్వా అని అడిగితే, ఆ మాట వరకు నేను పెన్నుతో కొట్టేశాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
కొర్లగుంట, తిరుపతి.