వార్షిక నివేదిక 2025–26: గిరిగిరి అప్పుతోనే ఈ ఏడాదంతా

సభ్యులందరికీ నమస్కారం.

హైదరాబాద్ బస్తీల్లోని మన సభ్యుల్లో ఎక్కువమంది బండ్ల మీద, గంపల్లో కూరగాయలు, పూలు అమ్మేవాళ్లు. మిగతావాళ్లు ఇళ్లల్లో పనిచేసేవాళ్లు. ఈ ఏడాది సంఘం ఎక్కువగా పట్టించుకున్నది రోజూ కిస్తీ కట్టే గిరిగిరి అప్పునే.

పదివేల అప్పంటారు, వెయ్యి ముందే పట్టుకుని 9,000 చేతిలో పెడతారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. వెయ్యే కదా అనిపిస్తుంది. కానీ రోజూ కొంత తిరిగి కట్టేస్తుంటాం కాబట్టి సగటున మన చేతిలో ఉండేది నాలుగున్నర వేలే. ఆ లెక్కన ఏడాదికి నూటికి 80 దాకా వడ్డీ పడుతోంది. బస్తీ మీటింగుల్లో ఈ లెక్క వేసి చూపిస్తే చాలామంది నమ్మలేదు, ఇంట్లో పిల్లలతో మళ్లీ లెక్క వేయించుకొచ్చారు. మంచిదే. వాన పడి బేరం లేకపోయినా కిస్తీ ఆగదు. మర్నాడు సరుకు తగ్గించి కొంటారు, అమ్మకమూ తగ్గుతుంది. తెల్లారకముందే మార్కెట్‌కు పోయే మనిషి అప్పులోంచి బయటపడకపోవడం ఇందుకే.

వీధి వ్యాపారులకు బ్యాంకుల ద్వారా ఇప్పించే పీఎం స్వనిధి రుణాలు 2024 డిసెంబరుతో ఆగాయి. వాటిని కేంద్రం 2025 ఆగస్టులో 2030 మార్చి దాకా పొడిగించింది. మొదటి విడత 15,000, రెండోది 25,000, మూడోది 50,000 వరకు ఇస్తారు. గడువులోగా కడితే 7 శాతం వడ్డీ రాయితీ. టెన్షనంతా కాగితాల దగ్గరే: బండి భర్త పేరున, ఆధార్‌కు కలిపిన ఫోన్ నంబరు కొడుకుది! మన కార్యకర్తల సమయం ఎక్కువగా ఈ తిరుగుళ్లకే పోయింది.

మున్సిపాలిటీ వాళ్లు సరుకు ఎత్తుకెళ్లినప్పుడు ఏం అడగాలో కూడా నేర్పాం. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం, పట్టుకున్న సరుకు జాబితా వాళ్లు రాసివ్వాలి. రుసుము కట్టి అడిగితే కూరగాయల్లాంటివి అదే రోజు తిరిగివ్వాలి.

ఇంటిపని సభ్యులకు అసంఘటిత కార్మికుల పేర్లు రాసుకునే కేంద్రం పోర్టల్ ఈ-శ్రమ్‌లో నమోదు సాగింది. 60 ఏళ్లు నిండాక నెలకు 3,000 వచ్చే శ్రమయోగి పింఛనుకు మాత్రం 40 దాటినవాళ్లను చేర్చుకోరు. మనవాళ్లలో చాలామంది ఆ వయసు దాటినవాళ్లే.

వీధి వ్యాపారాల వ్యవహారాలు చూసే టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారులు, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. పోటీకి నిలబడమంటే ఎవరూ ముందుకు రాలేదు. మీటింగుకు పోతే ఆ రోజు బేరం పోతుంది మరి. అలా పోయిన రోజు సంపాదనను సంఘం నిధి నుంచి ఇవ్వాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. సర్వసభ్య సమావేశంలో దీనిపై ఓటు వేయండి.