చదివి వినిపించండి, మధ్యలో వాళ్లనీ మాట్లాడనివ్వండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈసారి ఉత్తరమంతా ఒక్క విషయం మీదే రాస్తున్నాను, ఇంట్లో పిల్లలకు పుస్తకం చదివి వినిపించడం గురించి. నర్సరీ, ఎల్‌కేజీ పిల్లల అమ్మానాన్నలు కాస్త ఓపిగ్గా చదవండి.

"మా వాడికి అక్షరాలు ఎప్పుడొస్తాయి మేడమ్?" అని చాలామంది అడుగుతుంటారు. వస్తాయి, టెన్షన్ పడకండి. కానీ రేపు కూడబలుక్కుని ఒక మాట చదివాక అదేమిటో వాడికి తెలియాలంటే, ఆ మాట అంతకుముందే ఎప్పుడో చెవిన పడి ఉండాలి కదా. ఇంట్లో రోజంతా మనం అనేవి "తిను", "రా", "చెప్పులేసుకో", "లేటవుతోంది" లాంటివే. "తటపటాయించింది", "గుబురు", "నక్కి నక్కి" లాంటివి కథ చదివితే తప్ప పెద్దగా వినపడవు.

కెనడాలో సెనెషాల్, లెఫెవ్ర్ అనే పరిశోధకులు కొంతమంది పిల్లల్ని మూడో తరగతి దాకా గమనించి 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. కథలు వినడం మాటల సంపదతో, విని అర్థం చేసుకోవడంతో ముడిపడి ఉందట. అక్షరాలు గుర్తుపట్టడం మాత్రం పెద్దవాళ్లు కూర్చోబెట్టి నేర్పడంతో ముడిపడి ఉందట. అంటే కథ చదివాం కాబట్టి అక్షరాలు వాటంతటవే వచ్చేస్తాయనుకోకూడదు, అక్షరాలు దిద్దించాం కదా అని కథ మానేయనూ కూడదు.

ఎలా చదవాలంటారా? గడగడా చదివేసి పుస్తకం మూసేయకండి. బొమ్మ చూపించి పాప "కుక్క" అందనుకోండి, "అవును, నల్ల కుక్క, బురదలో పడి తడిసిపోయింది పాపం, ఇప్పుడేం చేస్తుందంటావ్?" అనండి, అని ఆగండి. ఆ ఆగడమే చాలామందికి కష్టం, వెంటనే మనమే జవాబు చెప్పేస్తాం! అమెరికాలో వైట్‌హర్స్ట్ బృందం రెండు, మూడేళ్ల పిల్లల తల్లిదండ్రులకు ఇలా చదవడం నేర్పితే, నాలుగు వారాలకే ఆ పిల్లలు మాట్లాడడంలో మిగతావాళ్లను దాటిపోయారని 1988లో రాశారు. అలాగని ప్రతి పేజీకీ ప్రశ్నలడిగి పరీక్ష పెట్టకండి, పిల్లలకు పుస్తకమంటేనే విసుగొస్తుంది.

అదే పుస్తకం మళ్లీ మళ్లీ కావాలంటే మళ్లీ చదవండి, కొత్త మాటలు అలాగే నాటుకుంటాయి. మీకు ఏ భాష బాగా వస్తే ఆ భాషలోనే చెప్పండి. చదవడం రాని నానమ్మ, తాతయ్య ఉంటే బొమ్మలు చూస్తూ కథ అల్లమనండి, అదీ చదువే.

వచ్చే వారం నుంచి పిల్లల బ్యాగులో ఒక బొమ్మల పుస్తకం పంపిస్తాం. నలిగినా, చిరిగినా ఫర్వాలేదు, ఎవరినీ ఏమీ అనం. అలమరలో దాచిపెట్టకుండా పిల్లల చేతికివ్వండి.

మీ ప్రధానోపాధ్యాయురాలు