మార్చి వార్తాలేఖ: ఆ మూడు వ్యాసాల సంగతి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ ఉత్తరం ఎప్పుడూ ఫీజుతో మొదలై సెలవులతో ముగుస్తుంది. ఈసారి ఫీజు సంగతి చివర్లో చూద్దాం. పది రోజులుగా బడి గేటు దగ్గర, ఆటోల్లో, తరగతి వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే కబురు తిరుగుతోంది, నా దాకా వచ్చేసరికి అది నాలుగు రకాలైంది. మన బడిని ఢిల్లీ వాళ్ళు బ్లాక్‌లిస్టులో పెట్టారని ఒకరు, ఫస్ట్ ర్యాంకు పిల్లల్ని వదిలేసి మేడం తనకి నచ్చిన అమ్మాయిని పంపిస్తోందని ఇంకొకరు, డబ్బు కట్టినవాళ్ళకే సీటని మరొకరు. నాలుగోది రాయను. అది అన్నవారు రేపు ఎదురుపడితే ఇద్దరికీ ఇబ్బంది.

జరిగింది చెప్తాను. ఢిల్లీ పక్కన ఒక విశ్వవిద్యాలయం వేసవిలో హైస్కూలు పిల్లల కోసం నాలుగు వారాల కోర్సు పెడుతుంది. అక్కడే హాస్టల్లో ఉండాలి. పొద్దున్న ప్రొఫెసర్లు పాఠం చెప్తారు, మధ్యాహ్నం ల్యాబు, సాయంత్రం నలుగురైదుగురు కలిసి ఒక ప్రాజెక్టు, ఆఖరి రోజు దాని గురించి అందరి ముందూ నిలబడి చెప్పాలి. పరీక్ష లేదు, మార్కుల్లేవు, ర్యాంకు అసలే లేదు (ఈ ముక్క చెప్పగానే చాలామంది మొహాల్లో ఆసక్తి పోవడం మీటింగులో నా కళ్ళతో చూశాను). మన తొమ్మిదో తరగతి నుంచి ఐదుగురు దరఖాస్తు పెట్టారు.

దరఖాస్తుతో పాటు ఒక వ్యాసం అడిగారు. మీ చుట్టూ రోజూ కనిపించేవాటిలో మీకు అర్థం కాని ఒక విషయం గురించి మీ మాటల్లో రాయండి అని. ఫిబ్రవరి ఆఖర్లో నాకు వాళ్ళ మెయిల్ వచ్చింది. చాలా మర్యాదగా రాశారు, ఆ మర్యాదకే నాకు ఎక్కువ బాధేసింది. మీ బడి నుంచి వచ్చిన ఐదు వ్యాసాల్లో మూడు మొదటి వాక్యం నుంచి ఆఖరి వాక్యం దాకా ఒకటే, పిల్లల పేర్లు మాత్రమే వేరు, అందుకని ఆ మూడింటినీ పరిశీలనకి తీసుకోలేకపోతున్నాం అని. మూడూ ప్రింటు తీసి పక్కపక్కన పెట్టుకుని చదివాను. ముగ్గురికీ చిన్నప్పటి నుంచి సైన్సంటే ప్రాణమట. ముగ్గురికీ కలాం గారే ఆదర్శమట. ముగ్గురూ ఒక రాత్రి మేడ మీద పడుకుని ఒకే చుక్కని చూసి ఒకేలా ఆశ్చర్యపోయారట. అందులో ఒకరికి మేడే లేదు, వాళ్ళది పెంకుటిల్లు.

పిల్లల్ని పిలిచి అడిగితే నిమిషంలో గుట్టు బయటపడింది. ముగ్గురి నాన్నలూ వెళ్ళింది ఒకే నెట్ సెంటరుకి. అక్కడాయన 200 రూపాయలు తీసుకుని ఫారం నింపి, వ్యాసం కూడా ఫోన్‌లో ఏఐని అడిగి పెట్టేశాడు. ఆయన్ని నేనేమీ అనను, పాన్ కార్డు ఎంతో ఆయనకి వ్యాసమూ అంతే. మిమ్మల్నే అడుగుతున్నాను, గౌరవంగానే అడుగుతున్నాను. మీ అబ్బాయికి ఏం అర్థం కాలేదో నెట్ సెంటరాయనకి ఎలా తెలుస్తుందండీ?

ఆ ముగ్గురిలో ఒకడు నా గదిలో నిలబడి ఏడ్చాడు. వాడు రాసుకున్న అసలు వ్యాసం రఫ్ నోటు వెనక పేజీల్లో ఉంది, సగం తెలుగు, సగం ఇంగ్లీషు. వాళ్ళ తాతకి గోళీసోడా బండి ఉంది. సీసాలో చూస్తే నీళ్ళే కనిపిస్తాయి, గోళీ లోపలికి నొక్కగానే అంత గ్యాసు ఎక్కణ్ణుంచి వస్తుంది, అప్పటిదాకా ఎక్కడ దాక్కుంది, ఎండలో ఉన్న సీసా నీడలో ఉన్నదానికన్నా ఎందుకంత గట్టిగా చిమ్ముతుంది, ఇవీ వాడి ప్రశ్నలు. ఇంట్లో చూపిస్తే "యూనివర్సిటీకి సోడా బండి గురించి రాస్తావా, పరువు తియ్యకు" అన్నారట. ఆ పేజీలు ఫొటో తీసి నా దగ్గర దాచుకున్నాను. సమాధానం నాకు తెలుసు గానీ చెప్పలేదు. ల్యాబులోంచి ఒక థర్మామీటరు, తాతగారి దగ్గర్నుంచి రెండు సీసాలు తెచ్చుకోమన్నాను. వాడిప్పుడు రోజూ మధ్యాహ్నం దానిమీదే ఉన్నాడు.

ఇక ఎంపికైన అమ్మాయి. వాళ్ళది పొందూరు, నాయనమ్మ ఖద్దరు కోసం పత్తి శుభ్రం చేస్తుంది. మన శ్రీకాకుళం జిల్లావాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ బయటి నుంచి బదిలీ మీద వచ్చినవాళ్ళ కోసం చెప్తున్నాను, పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు, దాని సన్నటి పళ్ళ మధ్య నలక అంతా పోతుంది, 100 కౌంటు నూలు, అంటే బాగా సన్నటి నూలు, తీసేది అలా దువ్విన పత్తితోనే. ఈ పిల్ల ఇంట్లో ప్లాస్టిక్ దువ్వెనా, కొత్త టూత్‌బ్రష్షూ, ఇనుప బ్రష్షూ పట్టుకుని కూర్చుంది. "ఏటే, దువ్వెనతో పత్తి దువ్వుతావేటే పిచ్చి గుంటా" అని నాయనమ్మ నవ్వుతున్నా మానకుండా అన్నింటితోనూ దువ్వి, ప్రతిసారీ కాస్త పీచు కాగితంలో పొట్లం కట్టి తెచ్చి, మన మైక్రోస్కోపు కింద పెట్టి బొమ్మలు గీసింది. ఇనుప బ్రష్షుకి పీచు తెగింది, టూత్‌బ్రష్షుకి చిక్కుపడింది, దువ్వెనకి నలక అలాగే ఉండిపోయింది, చేప పళ్ళకి మాత్రం శుభ్రంగా సాగింది. ఎందుకో నాకు తెలియదు అని రాసి అక్కడితో ఆపేసింది. ఆ ఇంగ్లీషులో పదకొండు తప్పులున్నాయి, లెక్కపెట్టాను, ఒక్కటీ దిద్దలేదు. వీడియో ఇంటర్వ్యూ అరగంటన్నారు, యాభై నిమిషాలు నడిచింది, సగం చేప గురించే.

ఆ అమ్మాయిది క్లాసులో ఏడో ర్యాంకు. వాళ్ళ నాన్నగారు ఇంటింటికీ గ్యాస్ బండలు వేస్తారు. ఆదాయ ధ్రువపత్రం చూసి కోర్సు ఫీజు మొత్తం మాఫీ చేశారు, కాబట్టి డబ్బు కట్టినవాళ్ళకే సీటన్న కబురు ఇక్కడితో ఆపేయండి. సిఫారసు మాటకొస్తే, టీచరు సిఫారసు లేఖ కావాలని వాళ్ళే అడుగుతారు, ఐదుగురికీ నేనే రాశాను, ఎవరైనా ఆఫీసుకొచ్చి తమ పిల్లల లేఖ చదువుకోవచ్చు. ఐదో పిల్లాడు కూడా వ్యాసం సొంతంగా, చాలా బాగా రాశాడు. ఇంటర్వ్యూలో మాత్రం వాళ్ళు అడిగిన ప్రతిదానికీ కర్టెన్ వెనక నుంచి జవాబు ముందే వినిపించింది, ఆ గొంతు తొమ్మిదో తరగతి పిల్లాడి గొంతులా లేదట. దయతలచి వెయిటింగ్ లిస్టులో పెట్టారు, మళ్ళీ ఒకసారి మాట్లాడతామన్నారు.

ఇప్పుడు నా గోల కాస్త వినండి. ఆరో తరగతి నుంచి ప్రతి పిల్లాడి చేతా "ఎందుకు నోటు" రాయిస్తున్నాను, రోజుకో ప్రశ్న, జవాబు అక్కర్లేదు, మార్కులు లేవు. దాన్ని టైమ్ వేస్ట్ అని నాతో అన్నవాళ్ళు మీలో ఉన్నారు, ఒకరింట్లో ఆ నోటు చాకలిపద్దు అయింది. గిడుగు రామమూర్తి పంతులు గారు మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టారు. పర్లాకిమిడి బడిలో పంతులుగా ఉండగా చుట్టుపక్కల సవర గిరిజనులు మాట్లాడుకునేది తనకెందుకు అర్థం కావట్లేదని కూర్చుని సవర భాష నేర్చుకున్నారు, నిఘంటువు రాశారు, వ్యాకరణం రాశారు. ఆ ప్రశ్న ఏ సిలబస్‌లో ఉందండీ? మనం ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేస్తాం, మర్నాడు మన పిల్ల ప్రశ్న అడిగితే ముందు హోంవర్కు చెయ్యమంటాం. ఇంకోటి. "ఆడపిల్ల, అంత దూరం ఎలా పంపిస్తారు" అని ఆ తల్లిని ఎంతమంది అడిగారో, ఆవిడ నా దగ్గరికొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మన జిల్లా నుంచి కూలి పనికి చెన్నై వెళ్తారు, హైదరాబాద్ వెళ్తారు, చేపల వేటకి గుజరాత్‌లో వెరావల్ దాకా వెళ్తారు, అప్పుడు దూరం అనిపించని మనకి చదువుకోవడానికి నాలుగు వారాలు అనేసరికే ఎక్కడలేని దూరం కనిపిస్తుంది.

ఇంతా చదివి ఒకాయన ఫోన్ చేసి, వచ్చే ఏడాదికి ఏ కోచింగ్‌లో చేర్పించమంటారని అడుగుతారు, నాకు తెలుసు. కోచింగ్ లేదు. పాఠం వింటూ సొంతంగా నోట్సు రాసుకోవడం రావాలి (బోర్డు మీద రాస్తే తప్ప పెన్ను కదలని పిల్లలు మనకి బోలెడుమంది). అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి అని ఇంగ్లీషులో సిగ్గుపడకుండా అడగడం రావాలి. కొలిచినవి పట్టిక వేసి, సగటు కట్టి, గ్రాఫు గీయడం రావాలి. శనివారాలు బడి అయ్యాక గంటసేపు నేనే కూర్చుంటాను, ఎవరైనా రావచ్చు, ర్యాంకుతో పనిలేదు.

ఇవి కాక హాస్టల్ చదువు వేరే ఉంది. తొమ్మిదో తరగతి పిల్లాడికి ఇప్పటికీ లంచ్ టైములో కిటికీ దగ్గర నిలబడి ముద్దలు కలిపి పెట్టే అమ్మలున్నారు, ప్రేమని కాదనను, కానీ ఆ పిల్లాడికి సొంత చొక్కా ఉతుక్కోవడం, దోమతెర కట్టుకోవడం, వారానికిచ్చిన డబ్బు వారం చివరిదాకా ఉంచుకోవడం ఎప్పుడు వస్తాయి? రాత్రి పన్నెండు దాకా ఫోను చూసి, పొద్దున్న నాలుగుసార్లు లేపితే గానీ లేవని పిల్లని అక్కడ ఎవరు లేపుతారు? ఇంట్లో నేను చెప్తే వినడు మేడం, మీరే చెప్పండి అంటారు. ఫోను కొన్నది నేను కాదు కదా. మే నెలలో ఢిల్లీ ఎండ, వడగాలి మనకన్నా ఘోరంగా ఉంటాయి, నూలు బట్టలు పెట్టండి. ఆవకాయ సీసా ఒకటి చాలు, మూడొద్దు.

కాగితాల పని ముందే చూసుకోవాలి. ఆధార్‌లో ఇంటిపేరు ముందుండి బడి రికార్డులో వెనకుంటే ఎక్కడికి వెళ్ళినా తలనొప్పే. 15 ఏళ్ళు నిండిన పిల్లలకి వేలిముద్రలు, కంటిపాప ఫొటో మళ్ళీ తీయించి ఆధార్ అప్‌డేట్ చేయించాలి, మనలో సగం మంది చేయించలేదు. ఆదాయ ధ్రువపత్రానికి సచివాలయంలో ముందే పెట్టుకోండి, గడువుకి ముందు రోజు కాదు. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, 2024 అక్టోబరు దాకా 120 రోజులుండేది. మే మూడో వారం ప్రయాణం కాబట్టి ఆ అమ్మాయి వాళ్ళు ఈ వారమే టికెట్ తీయాలి, విజయనగరం వెళ్ళి సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కుతారు. వాళ్ళ నాన్నగారికి టికెట్ తీయడం రాదు, మన ఆఫీసులో తీస్తాం.

ఎనిమిదో తరగతి వాళ్ళ అమ్మానాన్నలూ, ఇది మీకు. ఇస్రో 2019లో మొదలుపెట్టిన యువికా అనే శిబిరం ఉంది, తొమ్మిదో తరగతి పిల్లలకే, వేసవి సెలవుల్లో రెండు వారాలు, ప్రయాణం, బస, భోజనం ఖర్చు ఇస్రోదే. ఎంపికలో ఎనిమిదో తరగతి మార్కులు చూస్తారు, పంచాయతీ పరిధిలోని బడి పిల్లలకి ప్రత్యేకంగా వెయిటేజీ ఉంది, మన బడి పంచాయతీలోనే ఉంది. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ అవార్డుకి కూడా పిల్లల సొంత ఆలోచనలు పంపాలి, ఎంపికైతే 10,000 రూపాయలు పిల్లల బ్యాంకు ఖాతాలోనే పడతాయి, ఖాతా లేనివాళ్ళు తెరవండి. సొంత ఆలోచన అన్నాను. నెట్ సెంటరుది కాదు.

మిగతావి గబగబా. ఒంటిపూట బడి, 7:45కి గేటు వేస్తాం, నీళ్ళ సీసా తప్పనిసరి. పదో తరగతి హాల్‌టికెట్ జిరాక్సులు రెండు బ్యాగులో ఉంచండి, పరీక్ష సెంటరు దగ్గర ఫోనుతో కనిపించొద్దు. బస్సు ఫీజు బాకీ ఉన్నవాళ్ళకి తాము ఉన్నామని తెలుసు.

ఆఖరుగా ఆ రెండో ఇంటర్వ్యూ. శనివారం పదకొండు గంటలకి. ఇంట్లో సిగ్నల్ బాగోదన్నారు కాబట్టి బడి కంప్యూటర్ గది ఖాళీగా ఉంచుతున్నాను, బాబుని పదిన్నరకి తీసుకురండి. తీసుకొచ్చినవాళ్ళకి వేపచెట్టు కింద బెంచీ వేయిస్తాను, టీ ఇప్పిస్తాను. కిటికీ పక్క బెంచీ మాత్రం ఆ రోజుకి తీయించేస్తున్నాను.

ఇట్లు,
మీ హెడ్‌మిస్ట్రెస్