తెలుగు ఒత్తులు విరగని బోర్డులు కావాలి: అనంతపురం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

ఈ మధ్య ఒక అడ్డరోడ్డు దగ్గర పెట్టిన కొత్త దారి బోర్డులో గుత్తి పేరు 'గుత్‌తి' అని ఉంది. చేసినవాళ్లకు తెలుగు రాక కాదు. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్‌లు అక్షరాల్ని ఇంగ్లీషులా పక్కపక్కనే పేర్చుకుంటూ పోతాయి. త కింద త చేరాలంటే యూనికోడ్ ఫాంటులోని నియమాలను సాఫ్ట్‌వేర్ చదవగలగాలి.

అంతకన్నా పెద్ద ఇబ్బంది ఎత్తుది. ఇంగ్లీషు పెద్దక్షరాల ఎత్తే తెలుగుకూ ఇస్తే, పైన గుడి, కింద ఒత్తు అందులోనే ఇరుక్కుని అసలు అక్షరం చిన్నదైపోతుంది. 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు 22 మీటర్లు దాటుతుంది. రాత్రిపూట 44వ జాతీయ రహదారి మీద లారీ నడిపే డ్రైవరన్నకు ఆ పేరు కూడబలుక్కునే టైం ఎక్కడిది? మలుపు దాటిపోయాక సడన్‌గా బ్రేకు వేస్తే వెనకవాళ్ల ప్రాణాల మీదికొస్తుంది.

దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేరే కొనాలని లేదు. ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌లోనూ ఒత్తులు సరిగ్గా వస్తాయి. పేరు టైప్ చేసి, అక్షరాలను గీతలుగా మార్చి ఇస్తే బోర్డు అక్షరాలను షీటులోంచి కోసే కటింగ్ మిషన్ దగ్గర ఫాంటు మారిపోయే టెన్షన్ ఉండదు.

జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి అధ్యక్షులు మీరే. షీటు కోయకముందే ప్రతి డ్రాయింగునూ తెలుగు బాగా చదివేవాళ్లు చూసి సంతకం పెట్టాలని టెండరు షరతుల్లో రాయించండి. తాడిపత్రి, గుంతకల్లు, కళ్యాణదుర్గం అన్నీ ఒత్తులున్న పేర్లే. ముందు వాటిని చూడమనండి.

ఇట్లు,
అనంతపురం వాసి