చెప్పుకోని కోరికలకి మీ పేపర్లో కాస్త చోటివ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం అనుబంధంలో ‘చనిపోయేలోపు చూసి తీరాల్సిన ప్రదేశాలు’ అని రెండు పేజీలు వేశారు. ఫొటోలు బాగున్నాయి, నేను చివరిదాకా చదివాను, ఇంట్లో అందరూ చదివారు. కానీ పేపరు మడిచి పక్కన పెట్టాక ఏదో వెలితిగా అనిపించింది. రెండు రోజులు అదే ఆలోచిస్తే అప్పుడు తెలిసింది, అందులో ఒక్కటి కూడా నా కోరిక కాదు. మా ఇంట్లో ఎవరిదీ కాదు. చూస్తే బాగుండు అనిపించేవే అన్నీ, చూడకుండా పోతే బాధపడేది మాత్రం ఒక్కటీ లేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను, కొంచెం పొడుగైనా దయచేసి చదవండి.

మా నాన్న పోయి నాలుగేళ్లయింది. ఆయనకి డైరీ రాసే అలవాటుండేది. పెద్దగా ఏం రాసేవారు కాదు, ఏ రోజు ఏ పని, ఎవరికి ఎంత ఇవ్వాలి, అంతే. ఆయన పోయాక అలమారా సర్దుతుంటే అన్నీ వరసగా పేర్చి కనిపించాయి. ఒక్కోటీ తీసి మొదటి పేజీ చూస్తూ పోయాను. మొదటి పేజీలో పేరు, దాని కింద ఒకే ఒక్క లైను, ‘ఈ సంవత్సరం వయొలిన్’. తర్వాతి ఏడాది డైరీలోనూ అదే. ఆ తర్వాతి దాంట్లోనూ అదే. అలా పదకొండు డైరీల్లో ఉంది. పన్నెండో దాంట్లో లేదు, ఆ తర్వాత ఇక దేంట్లోనూ లేదు. లెక్క చూసుకుంటే రాయడం మానేసేనాటికి ఆయనకి 54 ఏళ్లు. ఆ తర్వాత ఇంకో 22 ఏళ్లు బతికారు. 22 ఏళ్లంటే వయొలిన్ నేర్చుకోవడానికి చాలవా? కచేరీలు చేసేంత కాకపోయినా, సాయంత్రం పూట గదిలో కూర్చుని తనకోసం ఓ పాట వాయించుకోవడానికి ఎంచక్కా సరిపోయేవి.

అమ్మకి చూపిస్తే చాలాసేపు ఆ పేజీలు తిప్పుతూ కూర్చుంది. ‘నాతో ఒక్క మాటైనా అనలేదే, అంటే నేను వద్దంటానా’ అంది. నాకు ఇప్పటికీ గుచ్చుకునేది ఆ మాటే. మేమెవరం ఆయనకి అడ్డుపడలేదు, అడ్డుపడాలన్నా మాకు తెలిస్తే కదా. మొదట్లో డబ్బు ఇబ్బంది ఉండేదేమో గానీ తర్వాత్తర్వాత అదీ లేదు. పిల్లల చదువులు అయిపోయాయి, ఉద్యోగం అయిపోయింది, ఖాళీ కావాల్సినంత. అప్పటికి ఆ కోరిక గురించి తనలో తను అనుకోవడం కూడా మానేశారు.

చనిపోయేలోపు చేయాలనుకున్న పనుల పట్టికని ‘బకెట్ లిస్ట్’ అంటున్నారు, ఆ మాట కొత్తది. చనిపోవడాన్ని ఇంగ్లీషులో మోటుగా బకెట్ తన్నేయడం అంటారట, అందులోంచి పుట్టింది. 2007లో ఒక హాలీవుడ్ సినిమా వచ్చాక అందరి నోళ్లలో పడింది. మాట వచ్చిందో లేదో, వెనకాలే లిస్టులు కూడా రెడీమేడ్‌గా వచ్చేశాయి. నా బాధల్లా అదే. కోరిక మనలోంచి రావాలి గానీ ఎవరో వేసిన పట్టిక చూసి టిక్కు పెట్టుకుంటూ పోతే అది మన కోరిక ఎలా అవుతుంది?

జాన్ గొడార్డ్ అని ఒక అమెరికన్ ఉండేవాడు. పెద్దవాళ్లు ‘ఆ పని వయసులో ఉన్నప్పుడే చేసుంటే బాగుండేది’ అని వాపోవడం విని, 1940లో తన పదిహేనో ఏట కూర్చుని 127 కోరికలు రాసుకున్నాడు. అందులో నైలు నది మీద ప్రయాణం ఉంది, ఎవరెస్టు ఎక్కడం ఉంది, చంద్రుడి మీదికి వెళ్లడం ఉంది. అవన్నీ అందరూ చెప్పుకునేవే. నాకు నచ్చినవి వేరే ఉన్నాయి. నిమిషానికి యాభై మాటలు టైపు చేయాలి, ఫ్లూటూ వయొలినూ వాయించాలి, 21వ శతాబ్దం చూసేదాకా బతకాలి! పదిహేనేళ్ల కుర్రాడు అలా రాసుకున్నాడంటే, అది అచ్చంగా వాడి లిస్టే, ఇంకొకరు రాసిచ్చింది కాదు. నైలు మీద పడవలో నిజంగానే వెళ్లాడు. మొత్తం మీద వందకి పైగా పూర్తి చేశాడు. చంద్రుడి మీదికి మాత్రం వెళ్లలేకపోయాడు, ఎవరెస్టూ ఎక్కలేదు. 21వ శతాబ్దం చూశాడు, 2013లో పోయాడు. వయొలిన్ అన్న మాట ఆ లిస్టులో కనిపించినప్పుడు నాకు మా నాన్న డైరీ గుర్తొచ్చి కాసేపు చదవడం ఆపేశాను.

నాన్న లాంటివాళ్లు ఎందుకు ఊరుకుంటారు అన్నదానికి నాకు కొంత జవాబు చదువులో దొరికింది. కార్నెల్ యూనివర్సిటీలో థామస్ గిలోవిచ్ అనే సైకాలజీ ప్రొఫెసర్, తోటి పరిశోధకులతో కలిసి మనుషుల పశ్చాత్తాపాల మీద చాలా ఏళ్లు పనిచేశారు. 1990ల్లో వాళ్లు తేల్చింది ఏంటంటే, చేసిన తప్పు గురించిన బాధ అప్పటికప్పుడు ఎక్కువగా ఉంటుంది గానీ ఏళ్లు గడిచేకొద్దీ చేయకుండా వదిలేసినవే ఎక్కువ వేధిస్తాయి. 2018లో వచ్చిన ఇంకో పరిశోధన నాకు ఇంకా సూటిగా తగిలింది. బాధ్యతలు నెరవేర్చలేదన్న బాధ కంటే, తను అవ్వాలనుకున్న మనిషి అవ్వలేకపోయానన్న బాధే చాలామందిలో ఎక్కువకాలం మిగిలిపోతుందట. ఆలోచిస్తే నిజమే అనిపిస్తుంది. ఫీజు కట్టకపోతే అడిగేవాళ్లుంటారు, మందులు తేకపోతే గుర్తుచేసేవాళ్లుంటారు, కాబట్టి అవి ఎలాగోలా చేసేస్తాం. వయొలిన్ నేర్చుకోలేదేం అని మా నాన్నని నిలదీసేవాళ్లు ఈ భూమ్మీద ఎవరున్నారు? ఎవరూ అడగరు గనక రేపు చూద్దాం అనుకుంటాం, ఎల్లుండి అనుకుంటాం, అలా పదకొండు డైరీలు అయిపోతాయి.

అందుకే నేను అనేది, రాసుకుంటే చాలదు, ఇంట్లో చెప్పాలి. కనీసం ఒక్కరికైనా చెప్పాలి. నాన్న రాశారు, ఏటా రాశారు, ఆ రాత ఆయన ఒక్కరి కళ్లకే కనిపించింది. మాలో ఒక్కరికి తెలిసినా ‘ఏమైంది నాన్నా వయొలిను’ అని ఏడాదికోసారైనా అడిగేవాళ్లం.

డాక్టర్లు కూడా ఈ సంగతి పట్టించుకుంటున్నారని తెలిసి ఆశ్చర్యపోయాను. అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ వాళ్లు 3,056 మందిని ఇలాంటి కోరికల గురించి అడిగి 2018లో ప్రచురించారు. వందలో 91 మంది మాకు బకెట్ లిస్ట్ ఉందన్నారు. ప్రయాణాలు అన్నవాళ్లు దాదాపు 78 మంది, ఏదో ఒక సొంత లక్ష్యం సాధించాలన్నవాళ్లు కూడా ఇంచుమించు అంతే. వాళ్లు ఈ సర్వే చేసింది సరదాకి కాదు. పెద్ద జబ్బుతో వచ్చిన మనిషిని ‘మీకు ఇంకా ఏం చేయాలని ఉంది’ అని డాక్టరు ముందే అడిగితే, వైద్యం దానికి తగ్గట్టు ఆలోచించవచ్చని. రెండు నెలల్లో మనవరాలి పెళ్లి చూడాలనుకునే మనిషికి, ఆ రెండు నెలలూ మంచం మీద పడేసే చికిత్స ఇప్పుడే మొదలుపెట్టాలా, కొంచెం ఆగవచ్చా అన్నది ఆ జవాబుని బట్టి ఉంటుంది. ఆస్పత్రి దాకా వెళ్లాక డాక్టరు అడిగే ప్రశ్నని ఇంట్లో మనం మామూలు రోజుల్లో అడగలేమా?

నేను అడిగాను. అమ్మ వయసు 77. మొదటిసారి అడిగితే ‘నాకేం కోరికలుంటాయే, మీరంతా చల్లగా ఉంటే చాలు’ అంది. ఈ జవాబు ప్రతి అమ్మా చెప్తుందని నాకు తెలుసు, అందుకని వదల్లేదు. మళ్లీ ఓ వారానికి అడిగాను, మళ్లీ అదే జవాబు. మూడోసారి ఇద్దరం బట్టలు మడతపెడుతుంటే, నేను అడక్కుండానే, నా మొహం చూడకుండా చెప్పింది, ‘ఒక్కదాన్నే రైలెక్కి ఎక్కడికైనా వెళ్లాలని ఉండేది’ అని.

పెళ్లికి ముందు వాళ్ల నాన్న, తర్వాత మా నాన్న, ఆ తర్వాత మా తమ్ముడో నేనో, ఎప్పుడూ పక్కన ఎవరో ఒకరు ఉన్నాం. 77 ఏళ్లలో ఒక్కసారి కూడా ఆవిడ టికెట్ ఆవిడ చేతిలో లేదు. నాకు ఈ సంగతి ఎప్పుడూ తట్టనే లేదు, తోడుండటమే ప్రేమ అనుకున్నాం మేం.

తమ్ముడు ససేమిరా అన్నాడు. ఈ వయసులో ఒంటరిగా ఏంటి, ఏమైనా అయితే ఎవరు చూస్తారు అని. వాడి టెన్షన్ నాకూ ఉంది, లేదని చెప్పను. చివరికి పగటిపూట మూడు గంటల ప్రయాణం, వాడు ఇక్కడ ఎక్కించాలి, నేను అక్కడ దించుకోవాలి, మధ్యలో అమ్మ చేస్తే తప్ప మేం ఫోన్ చేయకూడదు అని ఒప్పందం చేసుకున్నాం. ఆ మూడు గంటలూ ప్లాట్‌ఫాం మీద నేను ఎన్నిసార్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నానో లెక్కలేదు. రైలు వచ్చింది, అమ్మ దిగింది. బ్యాగు అందుకోబోతే ఇవ్వలేదు, తనే భుజానికి వేసుకుంది. మెట్లెక్కుతూ చెప్పిన మొదటి మాట, ‘పక్కనావిడ ఒక్కరే వస్తున్నారా అనడిగింది. అవును, ఒక్కదాన్నే అన్నాను’. ఆ సాయంత్రం ఆ మాట ఇంకో రెండుసార్లు చెప్పింది. నాకు మూడుసార్లూ కొత్తగానే అనిపించింది.

ఇంకో సంగతి. అన్ని కోరికలూ ఒకేలా ఆగవు. భాష నేర్చుకోవాలి, పుస్తకం రాయాలి లాంటివి కాస్త ఓపిక పడతాయి. మోకాళ్లతో పనున్నవి, కళ్లతో పనున్నవి అంత ఆగవు. ఇంకొక మనిషితో కలిసి చేయాల్సినవి అసలు ఆగవు, ఎందుకంటే అవతలి మనిషి వయసు కూడా లెక్కలోకి వస్తుంది. లిస్టు రాసుకునేవాళ్లు అలాంటివి ముందు వరసలో పెట్టుకోవాలని నా సలహా. ‘రిటైరయ్యాక’ అన్న మాట పక్కన రాసుకున్నవన్నీ ఒకసారి మళ్లీ చూసుకోండి, వాటిలో ఈ నెల్లోనే మొదలుపెట్టగలిగినవి తప్పకుండా ఉంటాయి.

అలాగని ఆలస్యమైతే అంతా అయిపోయినట్టే అని కూడా అనను. వాలీ ఫంక్ అనే అమెరికన్ పైలట్ 1961లో వ్యోమగాములకి పెట్టే వైద్య పరీక్షల్లాంటివి నెగ్గిన 13 మంది ఆడవాళ్లలో ఒకరు. అప్పట్లో మిలిటరీ జెట్ విమానాల టెస్ట్ పైలట్లనే తీసుకునేవారు, ఆ ఉద్యోగాల్లోకి ఆడవాళ్లని రానిచ్చేవారు కాదు, దాంతో ఆ తలుపు మూసుకుపోయింది. ఆమె విమానాన్ని వదల్లేదు. వేలమందికి నడపడం నేర్పింది. 2021 జులై 20న, 82 ఏళ్ల వయసులో, అంతరిక్షం అంచు దాకా వెళ్లొచ్చింది. ఆ 13 మందిలో వెళ్లగలిగింది ఆమె ఒక్కరే, మిగతా వాళ్ల కోరిక అలాగే ఉండిపోయింది, అది కూడా మర్చిపోకూడదు. కేరళలో కార్త్యాయనీ అమ్మ 2018లో, 96 ఏళ్ల వయసులో, అక్షరాస్యత పరీక్ష రాసి వందకి 98 మార్కులు తెచ్చుకున్నారు. వీళ్ల పేర్లు చెప్పేది అందరూ అలా చేసేయాలని కాదు. ఇష్టమైన పనికి దగ్గర్లో ఎక్కడో ఒకచోట నిలబడి ఉంటే, తలుపు తెరిచిన రోజున మనం అక్కడే ఉంటామని.

కొన్నింటిని వదిలేయాల్సి కూడా వస్తుంది. డాన్స్ నేర్చుకోవాలని నాకు చిన్నప్పుడు ఉండేది, నడుం నొప్పి మొదలయ్యాక దాన్ని నేనే కొట్టేశాను. అయితే నాకు నేను చెప్పుకుని కొట్టేశాను. నాన్న డైరీలో లాగా ఒక ఏడాది నుంచి చడీచప్పుడు లేకుండా మాయమైపోవడం వేరు.

ఇక మిమ్మల్ని అడిగేది. 2011లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో కాండీ చాంగ్ అనే కళాకారిణి, తనకి బాగా ఇష్టమైన మనిషి పోయిన తర్వాత, ఒక పాడుబడ్డ ఇంటి గోడకి నల్లరంగు వేసి ‘చనిపోయేలోపు నేను...’ అని మళ్లీ మళ్లీ రాసి పక్కన ఖాళీలు వదిలి, సుద్దముక్కలు పెట్టింది. దారిన పోయేవాళ్లు ఆగి రాశారు. తర్వాత ఎన్నో దేశాల్లో అలాంటి గోడలు వచ్చాయి. మీకు గోడ అక్కర్లేదు, మీ చేతిలో పేజీ ఉంది. వచ్చేసారి ప్రదేశాల లిస్టు వేసే బదులు ఆ రెండు పేజీలూ పాఠకులకి వదలండి. పేర్లు లేకపోయినా పర్లేదు, ఎవరికి ఏం మిగిలిపోయిందో రెండు లైన్లు రాయమనండి. ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రాయమనండి, మొదటిసారి ‘నాకేం లేవు’ అంటారని కూడా ఆ ప్రకటనలోనే వేయండి, లేకపోతే చాలామంది అక్కడితో ఆపేస్తారు.

మీరు వేస్తారో లేదోనని మొదటి రెండు లైన్లు నేనే పంపుతున్నాను. నాకు 55 ఏళ్లు, ఈత నేర్చుకోవాలి. రెండు నెలల క్రితం చేరాను, గట్టు పట్టుకుని కాళ్లు ఆడించడం వచ్చింది, గట్టు వదలడం ఇంకా రాలేదు. ఇంట్లో అందరికీ చెప్పాను, రోజూ అడుగుతున్నారు.

అమ్మని రెండోది ఏంటని అడిగాను. ఆలోచించుకుని చెప్తానంది.

ఇట్లు,
మీ పాఠకురాలు