మంత్రి గారూ, మా ఫైలు మీద అవుననో కాదనో రాయండి

చెన్నై,
2024 ఆగస్టు 12

కార్మిక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ఇదే విషయం మీద మీకు తమిళంలో అయిదు అర్జీలు పెట్టుకున్నాం. ఒక్కదానికీ జవాబు రాలేదు. మా యూనియన్‌లో సగం మంది ఇళ్లలో తెలుగే కాబట్టి, వాళ్లంతా చదువుకునేలా ఈసారి ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

మాది అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక చిన్న ప్రెస్ షాపు, అంటే మెషీన్ల మీద రేకులు నొక్కి భాగాలు చేసే కార్ఖానా. జీతాల ఒప్పందం గడువు తీరాక కొత్తది చేసుకోవడానికి యాజమాన్యం ఒప్పుకోలేదు. లేబర్ ఆఫీసర్ దగ్గర చర్చలు ఫెయిలయ్యాయి. 2023 ఏప్రిల్‌లో ఆ రిపోర్టు పైకి, సర్కారుకు వెళ్లింది. పదహారు నెలలైంది. మా తగాదాను, ఇలాంటి వాటి మీద తీర్పు చెప్పే ట్రిబ్యునల్‌కు సర్కారు పంపలేదు, పంపేది లేదనీ చెప్పలేదు. పంపకపోతే కారణం రాసి ఇరుపక్షాలకూ తెలియజేయాలని పారిశ్రామిక వివాదాల చట్టం 12(5) సెక్షన్‌లోనే ఉంది కదండీ!

అర్జీ ఇచ్చిన ప్రతిసారీ టపాల్ కౌంటర్లో రెండో కాపీ మీద గుండ్రటి సీలు వేసి ఇస్తారు. ఆ అయిదు కాగితాలూ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తిరుగుతున్నాను. మొదటిదాని మీద సీలు వెలిసిపోయి తేదీ కనబడడం లేదు. మడతల దగ్గర చిరిగితే టేపు అంటించాను. లోపలికి వెళ్లి అడిగితే "ఫైలు సర్క్యులేషన్‌లో ఉంది, అడుత్త వారం వాంగ" (వచ్చే వారం రండి) అంటారు. వెళ్లిన రోజు జీతం పోతుంది.

ప్రెస్ మీద ముప్పై ఏళ్లు పనిచేసి, కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్న మా పెద్దాయన మొన్న మార్చిలో రిటైరయ్యారు. పాత జీతం మీదే. గ్రాట్యుటీ కూడా దాని లెక్కనే కట్టారు. మనం అడిగినట్టు ఒప్పందం అయి ఉంటే ఎంత వచ్చేది బాబూ అని నన్ను అడిగారు. కాగితం మీద లెక్క వేసి చెప్పాను. ఎందుకు చెప్పానా అని ఇప్పటికీ బాధపడుతున్నాను.

మా ముత్తాత పెరంబూరు బకింగ్‌హామ్ అండ్ కర్ణాటిక్ మిల్లు కార్మికుడు. 1918 ఏప్రిల్ 27న సెల్వపతి చెట్టియార్, రామానుజులు నాయుడు, వాడియా గార్లు కలిసి మద్రాసు లేబర్ యూనియన్ పెట్టింది ఆ మిల్లువాళ్ల కోసమే. 1920లో మిల్లు మూసేసి కార్మికులను బయటే ఉంచిన లాకౌట్ రోజుల్లో యాజమాన్యం యూనియన్ నాయకుల మీద హైకోర్టులో ఇంజంక్షన్ (నిషేధపు ఉత్తర్వు) తెచ్చింది. యూనియన్‌కు చట్టం అండ దొరికింది 1926లో. 1929 నాటి కార్మిక వివాదాల చట్టం విచారణ కోర్టులు, రాజీ బోర్డులు పెట్టింది గానీ, వాటి మాట ఎవరూ వినితీరాలని లేదు. తర్వాత యుద్ధం వచ్చింది. 1942లో భారత రక్షణ నిబంధన 81-ఎ కింద సమ్మె ఆపించడమూ, తగాదాను తీర్పుకు పంపడమూ రెండూ తెల్లదొరల సర్కారు చేతిలోకి వెళ్లాయి. యుద్ధం అయిపోయినా, తీర్పుకు పంపే తాళంచెవిని, నేను పైన చెప్పిన 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం సర్కారు దగ్గరే ఉంచేసింది. ఇప్పుడది మీ దగ్గరుంది.

మేం ఒక్కరోజు కూడా మెషీన్ ఆపలేదు. చట్టం చెప్పిన దారిలోనే వచ్చి మీ గుమ్మం ముందు నిలబడ్డాం. దయచేసి ట్రిబ్యునల్‌కు పంపండి. పంపలేమంటే ఆ మాటే కారణంతో సహా రాసివ్వండి, హైకోర్టుకు వెళ్తాం. ఏ మాటా లేకపోతే మేం దేని మీద వెళ్లాలి?

జనవరిలో మరో ముగ్గురు రిటైరవుతున్నారు. వాళ్ల లెక్క కూడా నాతోనే వేయించకండి.

ఇట్లు,
యూనియన్ కార్యదర్శి