పాత రాగి సెంట్లు: 1799 సెంటుకు ఇక ఫొటో చూసి ధర చెప్పం

మా న్యూజెర్సీ షాపులో అమెరికా తొలినాటి పెద్ద సెంట్లు కొనే తెలుగువాళ్లు ఈమధ్య పెరిగారు, సంతోషం. వాట్సాప్‌లో ఫొటో పెట్టి "ఇదేం వెరైటీ, ఎంతొస్తుంది?" అని అడగడమూ పెరిగింది. మిగతావాటికి ఒక అంచనా చెప్తాం గానీ 1799 సెంటుకు మాత్రం ఇక చెప్పం. నాణెం చేతికి రావాల్సిందే.

1799 సెంటు దొరకడం కష్టం, 1798ది తేలిక. అందుకే 1798లో చివరి 8ని గీకి 9 చేసేవాళ్లు ఎప్పటి నుంచో ఉన్నారు. ఫొటోలో అంకె బాగానే కనిపిస్తుంది. మేం అంకెతో ఆగం. ఆ రోజుల్లో అచ్చులు చేత్తో తయారుచేసేవారు కాబట్టి ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. జుట్టు పాయలు, అక్షరాల మధ్య ఎడం, వెనకవైపు ఆకులు, కాయలు అన్నీ 1799 అచ్చుతో కలవాలి. బరువూ చూస్తాం, 10.89 గ్రాములకు దగ్గర్లో ఉండాలి. దీనికి టైం పడుతుంది, కంగారు పెట్టకండి.

ఇక ధరల సంగతి. 1794 ఒక్క ఏడాదికే 50కి పైగా షెల్డన్ వెరైటీలున్నాయి, అంటే అచ్చుల తేడాని బట్టి షెల్డన్ అనే ఆయన నంబర్లిచ్చిన రకాలు. వాటిలో ఆర్-6 (ఎంత అరుదో చెప్పే నంబరు) అంటే ప్రపంచం మొత్తంలో తెలిసినవి 13 నుంచి 30 మాత్రమే. అది వినగానే చాలామంది లాటరీ తగిలిందనుకుంటారు. కానీ అడిగేవాళ్లూ అంతే తక్కువ! వెనక గొలుసు బొమ్మ ఉన్న 1793 చైన్ సెంటు 36,103 కొట్టారు, ఇప్పటికీ చాలానే మిగిలాయి. అయినా అరిగిపోయినదానికే వేల డాలర్లు పెడతారు, ఎందుకంటే అది అందరికీ కావాలి. వెనక అంచున 94 బుల్లి నక్షత్రాలున్న 1794 ఎస్-48కి (షెల్డన్ నంబరు 48) అరుదుతనం, పేరు రెండూ కలిసొచ్చాయి. అలాంటివి బహు తక్కువ.

అందుకే ఆర్ నంబరు చూసి మేం ధర రెట్టింపు చేయం. మీరు అమ్మడానికి తెచ్చినా అదే లెక్క. పెట్టుబడి అనుకుని కొనేవాళ్లకు ముందే చెప్తున్నా, అరుదైన వెరైటీకి సరైన కొనుగోలుదారు దొరకడానికి నెలలు పట్టొచ్చు.

ఇంకోటి, దయచేసి రాగి చెంబు తోమినట్టు చింతపండుతో తోమి తేకండి. తళతళలాడే సెంటుకి మేమిచ్చేది సగం కూడా ఉండదు.